విదూషకుని దుఃఖము

నాటకమందు విదూషకుడు ప్రవేశించినంతనే మనము నవ్వుటకు సిద్ధపడుదుము. వాడు నోరు తెఱవకమున్నే నవ్వువారును గలరు. అట్టివానికిని దుఃఖముండునా యని ఐరోపా చిత్రకారులు పలుమాఱు ప్రశ్నించుకొనిరి. పోలండు దేశీయుడగు యాన్ మతేయ్కో 1862లో వ్రాసిన ‘స్టాన్చిక్’ అను పటము వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. అది వార్సా జాతీయ ప్రదర్శనశాలయం దున్నది.

చీకటిగదిలో, ఎఱ్ఱని వేషముతో, ఆస్థానవిదూషకుడు కుర్చీలో కూలబడియున్నాడు. చేతివ్రేళ్లు పెనవైచుకొనినాడు. వాని హాస్యదండము నేలబడియున్నది. బల్లపై నొక జాబు గలదు. స్మొలెన్స్క్ కోట శత్రువుల పాలయ్యెనని పటము పేరే చెప్పుచున్నది. ద్వారమున కావల రాణి బోనా కొలువులో విందును నృత్యమును సాగుచున్నవి. ఏలువారికి పట్టని నష్టము నవ్వించువానికి పట్టినది.

ఇందొక చిక్కు గలదు. కోట పడినది 1514లో. బోనా రాణి యైనది 1518లో. కావున నిట్టి విందు జరిగియుండ నేరదు. దీనిని నేను దోషముగా నెంచను. మతేయ్కో నాటికి పోలండును పొరుగురాజ్యములు మూడును పంచుకొని అఱువదియేండ్లు దాటినది. ఇరువదినాలుగేండ్ల యా యువకుడు తన కాలపు దుఃఖమును పూర్వకాలమునకు పంపి, విదూషకునికి తన ముఖమునే యొసగెను.

ఇంత మెచ్చియు నొక సంశయము నన్ను వదలదు. స్టాన్చిక్ తనకొఱకు దుఃఖించుట లేదు. రాజుకొఱకు నవ్వించినవాడే దేశముకొఱకు ఏడ్చుచున్నాడు, రెండును కొలువే! వాని యిల్లెక్కడ, వాని కష్టసుఖము లెట్టివి? మన వాకిట పగటివేషగాడు గింజలకై చేయి చాచినపుడు మనమును వేషమునే చూతుము గాని మొగమును చూడము.

స్పెయిన్ చిత్రకారుడగు వెలాస్క్వెజ్ 1644 ప్రాంతమున వ్రాసిన సెబాస్టియన్ డి మోర్రా పటము నీ సంశయమునకు బదులుగా చూపవచ్చును. ఇది మాడ్రిడ్ నగరమున ప్రాడో ప్రదర్శనశాలలో నున్నది. రాజకుటుంబమును కొలిచిన యీ మరుగుజ్జు నేలపై కాళ్లు చాచి, పిడికిళ్లు బిగించి, మనవంక తిన్నగా చూచుచున్నాడు. జాబు లేదు, విందు లేదు. వెనుక నేమియు లేదు. దేశమునకు గాని ధర్మమునకు గాని వాడు సంకేతము కాడు. నవ్వబోయినవాడు ఆ చూపు తగిలి ఆగిపోవును.

వీని భుజములపైనను జరీ యంచుగల యెఱ్ఱని వస్త్రమే. మతేయ్కో పటమున ఎఱుపు మొదట కంటబడును. ఇచ్చట ఆ కన్నులను చాలసేపు చూచినపిదపగాని వస్త్ర మేవన్నెయో తెలియరాదు.