రంగు మారింది, నంబరు మారలేదు

ఏప్రిల్ 9 వస్తే ప్రపంచంలో కొన్ని సొంత వెబ్‌సైట్లు ఒంటిమీద బట్టలు తీసేస్తాయి. కంగారుపడకండి, సీఎస్‌ఎస్ సంగతి చెబుతున్నాను. ఏ రంగు ఎక్కడుండాలి, ఏ అక్షరం ఎంతుండాలి, పక్కన ఎంత ఖాళీ వదలాలి అని బ్రౌజరుకు చెప్పే ఫైలు అది. దాన్ని ఒక్కరోజు తీసేసి ఉత్త పేజీని జనం ముందు పెట్టే ఆనవాయితీని 2006లో డస్టిన్ డియాజ్ అనే వెబ్ డెవలపర్ మొదలుపెట్టాడు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, నీలం లింకులు, అంతే. ఆ రోజు నేను చేతిలో పని పక్కన పెట్టి పరాయివాళ్ల సైట్లన్నీ తిరిగొస్తాను.

అలంకారం పోయాక మిగిలినదాన్ని బట్టి ఆ మనిషి ఏమిటో కొంత తెలుస్తుంది. ఒకరి పేజీలో ముందు పేరు, దాని కిందే తాజాగా రాసిన వ్యాసం. ఇంకొకరి పేజీలో మెనూ, ఆ కింద మెనూ, దాని కింద మరో మెనూ. వేలు నొప్పిపుట్టేలా కిందికి లాగితే గానీ మొదటి వాక్యం దొరకదు. రంగుల్లో ఉన్నప్పుడు చూస్తే ఈ రెండోదే నాకు ముచ్చటగా అనిపించి ఉంటుంది.

వెబ్‌సైట్లు చేయడం నా బతుకుతెరువు. విశాఖలో ఈ పని చేసేవాడి దగ్గరకు ఎవరొస్తారో ఊహించడం కష్టం కాదు. పోర్టు చుట్టుపక్కల క్లియరింగ్ ఏజెంట్లు, షిప్పింగ్ ఆఫీసులు, గాజువాక, ఆటోనగర్ వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్లవాళ్లు. అందరికీ కావలసింది ఒకటే, పక్క కంపెనీకి ఉన్నటువంటిదే. పైన కంటైనర్ ఓడ ఫొటో, చుట్టూ ముదురు నీలం, కింద ‘మా లక్ష్యం’. ఆ ఓడైనా మన రేవులోది కాదు, ఇంటర్నెట్‌లో కొన్నది. డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేలా మన ఫొటోయే ఒకటి తీయించి పెడదామంటే, “బాగుంటుంది గానీండి, మరీ లోకల్‌గా కనిపిస్తుందేమో” అన్నారొకాయన. వచ్చిన ఓడ ప్రతిదీ ఆ కొండ పక్కనుంచే లోపలికి రావాలి మరి.

కంపెనీల సైట్లలో కొత్త ఊహ పుట్టదు. సొంత సైట్లలో పుడుతుంది. బిల్లు కట్టేవాడు లేడు, కమిటీ లేదు, గడువు లేదు. ఆదివారం మధ్యాహ్నం బుద్ధి పుడితే మొత్తం మార్చేస్తారు. ఎందుకు మార్చారో మర్నాడు తీరిగ్గా రాస్తారు కూడా. బ్రైటన్‌లో ఉండే జెరెమీ కీత్ సైటు అడాక్షియో 2001 నుంచి నడుస్తోంది. కొత్త రూపం తయారుచేసినప్పుడు ఆయన పాతదాన్ని పారేయలేదు. చదివేవాళ్లు తమకు నచ్చిన రూపాన్ని ఎంచుకునే వీలు పేజీలోనే పెట్టారు. ఇలాంటిది ఏ కంపెనీ చేయనిస్తుంది చెప్పండి?

2003లో కెనడా డిజైనర్ డేవ్ షే పెట్టిన ‘సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్’ గురించి చెప్పకుండా ఈ మాట ముందుకు సాగదు. షరతు చిన్నది. పేజీలో రాత ఒక్కటే, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సీఎస్‌ఎస్ మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి పంపవచ్చు. ప్రపంచం నలుమూలల నుంచీ డిజైన్లు వచ్చి పడ్డాయి. ఒకటి పాత సినిమా పోస్టర్లా, ఒకటి ముదురాకుపచ్చ అడవిలా, ఒకటి పల్చని కాగితంలా. చదివితే అన్నిటిలోనూ అవే వాక్యాలు. కంట్రోల్ యూ నొక్కి ఆ పేజీల వెనక ఉన్న కోడ్ చదివి పని నేర్చుకున్నవాళ్లు నా ఈడువాళ్లలో చాలామంది ఉన్నారు. నాకు అందులో నచ్చింది ఆ రంగులు కాదు, ఆ షరతు. ఏది మారకూడదో ముందే తేల్చుకుని కూర్చున్నారు.

ఇక మనకొచ్చే చిక్కు. ఆ అందాలన్నీ ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి కుట్టినవి. నచ్చిన సైటు ఒకటి చూసి అదే అమరికలో తెలుగు పోసి చూడండి. వరుసకూ వరుసకూ మధ్య అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంటే ఇంగ్లీషుకు ధారాళం. అదే కొలతలో ‘రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమ’ అని పెట్టండి. ‘ష్ట్ర’ కింద ఒత్తులు బాగా కిందికి దిగుతాయి. ఆ కింది వరుసలో సరిగ్గా అక్కడే ఒక ‘ధీ’ ఉందనుకోండి, దాని గుడిదీర్ఘం పైకి లేస్తుంది. రెండూ తగులుకుంటాయి. కొలత 1.8 దాకా పెంచితే గానీ పేరా ఊపిరి తీసుకోదు. తీరా పెంచాక, ఆ డిజైనరు లెక్కకట్టి వదిలిన ఖాళీలన్నీ చెదిరిపోతాయి.

అక్కడితో అయిందా? వాళ్ల మెనూల్లో కేపిటల్ అక్షరాల దర్జా ఉంటుంది. మనకు కేపిటల్ లేదు. వాళ్లు ఒక మాటను నొక్కి చెప్పడానికి ఇటాలిక్ వాడతారు. మన ఫాంట్లలో చాలావాటికి ఇటాలిక్ రూపమే చేయలేదు కాబట్టి, బ్రౌజరు నిటారుగా ఉన్న అక్షరాన్ని పట్టుకుని పక్కకు వంచేస్తుంది. ఒకే మందంతో వచ్చిన ఫాంటును బోల్డ్ చేయమంటే గీతల్ని ఉబ్బిస్తుంది, చిన్న సైజులో ‘ఘ’, ‘ఝ’ల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. అందుకే తెలుగు సైటు ఎవరిది మారినా నేను ముందు ఒత్తుల దగ్గరకు వెళ్లి నిలబడతాను. అక్కడ సర్దుకున్న తీరు చూస్తే చేసినవాడు తెలుగు చదివే మనిషో, తెలుగు అతికించే మనిషో తెలిసిపోతుంది.

ఫాంట్ల విషయంలో మన ఉత్తరాంధ్రకు ఒక చిన్న గర్వం ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతున్నాయి. మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన, సూరన్న వగైరాలతో పాటు వాటిలో గురజాడ ఉంది, గిడుగు ఉంది. ఒకరు యలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టారు, మరొకరు శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. మాట్లాడే తెలుగును కాగితం మీదికి ఎక్కించడానికి పోరాడిన ఇద్దరూ ఇప్పుడు బ్రౌజరు జాబితాలో పక్కపక్కన కూర్చున్నారు. అలాగని వ్యాసమంతా గురజాడలో పెట్టమనను. శీర్షికకు ముచ్చటగా ఉంటుంది గానీ ఫోనులో పేజీలకు పేజీలు చదవాలంటే కళ్లు లాగుతాయి, మహాకవి క్షమించాలి. మండలి నయం. ఎన్టీఆర్ పేరుతోనూ ఒక ఫాంటు ఉంది. అదే సైజు ఇచ్చినా కొన్నిటి పక్కన చిన్నగా కనిపిస్తుంది, ఆయన పేరుకు తగని సంగతి అదొక్కటే.

ఒకరి సైటు ఇప్పుడెలా ఉందో చూశాక, పదేళ్ల కిందట ఎలా ఉండేదో చూడాలనిపిస్తుంది నాకు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్ 2001లో జనానికి తెరుచుకుంది. చిరునామా కొట్టి తేదీ నొక్కితే నాటి రూపం లేచొస్తుంది. ఇంగ్లీషు సైట్లకు ఇది పండగే. తెలుగు పాత పేజీల్లో చాలావాటిని తెరిస్తే మాత్రం టోపీలు పెట్టుకున్న రోమన్ అక్షరాలు, కొక్కేలు, కరెన్సీ గుర్తులు వరసకట్టి కనిపిస్తాయి. అప్పట్లో ఎవరి ఫాంటు వారిది. రోమన్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి పని కానిచ్చారు. ఆ ఫాంటు మీ కంప్యూటర్లో లేకపోతే ఆ రాత ఎవరికీ పనికిరాదు. నాగార్జున వెన్న చేసిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు అలాంటి రాతను ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి తిప్పి చూపేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2006లో వీవెన్ లేఖిని అనే ఉపకరణం తెచ్చాక ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు కొట్టడం తేలికై, సొంత బ్లాగులు పుట్టగొడుగుల్లా లేచాయి.

ఆ రోజుల్లో కొందరు ఓపికవంతులు తమ పాత రాతలన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చుకున్నారు. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక తొలి సంచికలు ఇవాళ మీ ఫోనులో ఏ ఫాంటూ దించుకోకుండా చదవగలుగుతున్నారంటే ఆ చాకిరీ పుణ్యమే. చదివేవాడి కంటికి పెద్దగా ఏమీ మారలేదు. నిజం చెప్పాలంటే, విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో చూస్తే పాతదే అందంగా ఉందని గొణిగినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ మార్పు తరవాత రచయిత పేరు ‘కాళీపట్నం’ అని వెతికితే దొరకడం మొదలైంది. నా లెక్కలో తెలుగు వెబ్‌లో జరిగిన అతి పెద్ద రీడిజైన్ ఇదే. దీనికి ఎవరూ అవార్డివ్వలేదు.

ఇలాంటి పని మన ఊళ్లో ఏటా జరిగేది ఫిషింగ్ హార్బర్లో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్. బోట్లను ఒడ్డుకు లాగి అడుగున పట్టిన నాచూ గవ్వలూ గీకుతారు. పుచ్చిన చెక్క మారుస్తారు, ఇంజను విప్పుతారు. రంగు వేసేది ఆఖరున. ఒక బోటుకు కొత్త రంగు పడిందంటే పక్క బోటు ఓనరు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి చుట్టూ తిరిగి చూస్తాడు. డబ్బా ఏ షాపులో తెచ్చారని అడుగుతాడు. తనదానికి అదే వేయించడు, అంచుకు ఇంకో గీత కలుపుతాడు. నేను చూస్తుండగా రంగు వేసే కుర్రాడు బ్రష్షు పట్టుకుని ముందు భాగానికి వచ్చేసరికి ఓనరు కేకేశాడు. “ఒరే తమ్ముడూ, ముందల నంబరు కాయితమ్మీద రాసీసుకో. ఒక్క అంకె తేడా వచ్చినా నడిసముద్రంలో ఆపీస్తారు.” ఐఎన్‌డీ, ఏపీ, వీ5, ఎంఎం అంటూ సాగే రిజిస్ట్రేషన్ నంబరు అది. బోటు నీలం నుంచి ఆకుపచ్చకు తిరిగినా దాని లెక్క దానిదే.

సైటుకు ఆ నంబరు దాని పేజీల చిరునామాలు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయం మీద ఒక వ్యాసం రాశారు. మంచి చిరునామా మారదు, చిరునామాలు వాటంతట అవి మారవు, మనుషులే మారుస్తారని ఆయన వాదన. అయినా రీడిజైన్ పేరు చెప్పి జనం చేసేదదే. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు, చిరునామాల వరస మారిపోతుంది, నాలుగేళ్ల కిందట ఎవరో మెచ్చుకుని ఇచ్చిన లింకు నొక్కితే ‘పేజీ దొరకలేదు’. పాత చిరునామాకు వచ్చినవాణ్ని కొత్తదానికి పంపే ఏర్పాటు సర్వర్లో ఒక్క వరుస పని. ఆ వరుస రాయనివాడి రంగుల గురించి నేను పెద్దగా పట్టించుకోను. ఎవరి కొత్త సైటైనా బాగుందని తోస్తే, వాళ్ల పాత వ్యాసం లింకు ఒకటి వెతికి నొక్కి చూస్తాను. తెరుచుకుంటే అప్పుడు కోడ్ చదవడానికి కూర్చుంటాను.

ఈ మధ్య నాకు బాగా పనికొచ్చిన సైటు బ్రైటన్‌ది కాదు, ఉక్కునగరానిది. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన బాబాయ్ ఒకాయన సర్వీసు జ్ఞాపకాలు రాసి పెట్టుకున్న సైటు. మార్చిపెట్టమని పిలిచారు. మెనూలో మూడే మాటలున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లవి. 1990లో మొదట వెలిగింది గోదావరి. ఆయన జీవితాన్ని ఫర్నేసుల వారీగా పంచుకుని రాశారు. పెళ్లి గోదావరి కింద ఉంది, పిల్లల చదువులు కృష్ణ కింద, మోకాళ్ల నొప్పులు అన్నపూర్ణ కింద.

“ఇది బయటివాళ్లకు అర్థం కాదేమో బాబాయ్, ‘నా గురించి’, ‘వ్యాసాలు’ అని పెడదామా?” అన్నాను.

“పనిచేసినోడికి తెలుస్తాది. తెలీనోడు అడుగుతాడు,” అన్నారు.

నా సైటు మెనూ తెరిచి చూసుకున్నాను. ‘సేవలు’, ‘పని’, ‘సంప్రదించండి’. ఎవరిదైనా కావచ్చు. ఆ వారమే తీసేసి, ఏ పని ఏ పేటలో చేశానో ఆ పేటల పేర్లు పెట్టాను. దొండపర్తి, జగదాంబ, కంచరపాలెం. క్లియరింగ్ ఏజెంటొకాయన ఫోన్ చేసి, “దొండపర్తిలో మా ఆఫీసేనా?” అని అడిగారు. ఆయనదే.

బాబాయ్ సైటు దగ్గర తగువు పడింది రంగుల మీద. ఆయన ఎక్కడో ఓ విదేశీ సైటు చూసి ముచ్చటపడ్డారు, మొత్తం నల్లటి నేల మీద ఎర్రటి అక్షరాలు. కరిగిన లోహం రాత్రి షిఫ్టులో అలాగే కనిపిస్తుందట. కనిపిస్తుంది, కాదనను, కానీ అలా పెడితే ఆయన తోటి రిటైర్డ్ ఉద్యోగులు రెండో పేరాకే కళ్లు నులుముకుంటారు. పాత లింకులు పోతాయా అని మాత్రం పనికి ముందే అడిగారు. వాట్సాప్ గ్రూపుల్లో అవి ఏళ్ల తరబడి తిరుగుతున్నాయట. పోనివ్వలేదు, ఒక్కొక్కటీ నొక్కి చూశాం. రంగు విషయంలో చివరికి బేరం కుదిరింది. పేజీ తెల్లది, అక్షరం మండలి, నలుపు. ఫర్నేసుల పేర్లు మూడూ రామభద్రలో, ఎర్రగా. ఆయనకు ఆ ఎరుపు ఇంకా చాల్లేదు, రోజూ ఫోన్ చేస్తున్నారు.