విజ్ఞాననిందలో నంత్యప్రాసము

ప్రాస వట్టి శబ్దాడంబరమనువారు, అమెరికాకవి యెడ్గార్ ఎలన్ పో 1829లోఁ బ్రకటించిన 'విజ్ఞానశాస్త్రమునకు' అను సానెట్టునుఁ బరికింపవలెను. శాస్త్రము వేల్పులను వనములనుండియు జలములనుండియుఁ దఱిమినదని కవి నింద. ఆ నింద పదునాలుగు పాదముల, పాదమునకు సుమారు పదేసి యక్షరముల, కట్టుదిట్టమైన ఛందమున నడచినది. తుద నొకే ప్రశ్నారంభము రెండుమాఱులు వచ్చును. రెండవ ప్రశ్నమునఁ బంచమీవిభక్తి మరలమరల వచ్చి, వేల్పుల నష్టము కవి నష్టమై ముగియును. చింతచెట్టు నీడనున్న వేసవికలను శాస్త్రము తననుండి లాగికొన్నదని కవి వాపోవును. అయినఁ గడపటి రెండు పాదములలో నస్మదర్థకపదమును వృక్షవాచకమునే యంత్యప్రాసముగాఁ గూడినవి. అర్థము వేఱుచేసిన కవినిఁ జెట్టునుఁ బ్రాస ముడివేసినది. ఇది యలంకారమాత్రము గాదు. శాస్త్రమునకుఁ గవి యిచ్చిన ప్రత్యుత్తరము.