కుర్చీని తిరగేసి చూడాలి

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో టింబర్ డిపోలు, వడ్రంగి షెడ్లు, పాలిష్ పనివాళ్లు పక్కపక్కనే కనిపిస్తారు. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి తార్నాకకు వచ్చిన, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961లో మొదలైన కాలం నాటి ఇళ్లు ఇక్కడ అపార్ట్‌మెంట్లుగా మారుతున్నాయి. అటక మీద దాచిన కుర్చీలు కిందికి దిగుతున్నాయి. సన్నగా, ఏటవాలుగా దిగే కాళ్లు, నునుపైన చెక్క చేతులు, పేము అల్లిన సీటు. చూడగానే ‘ఇది డేనిష్ కుర్చీ’ అనేసేవాళ్లున్నారు. కాదో అవునో తేల్చే ఆధారాలన్నీ ఆ కుర్చీలోనే ఉంటాయి. పాలిష్ పట్టించేలోపే వాటిని చూసుకోవాలి.

మొదట కర్ర. రంగును నమ్మకూడదు. రంగు పూస్తే వేపా మద్దీ కూడా టేకులా కనిపిస్తాయి. కుర్చీని బోర్లించి, పాలిష్ తగలని చోటు వెతకాలి. కాలి అడుగున కోత కనిపించే చోట పదునైన బ్లేడుతో పలచగా ఒక పొర తీసి, తడి వేలితో రుద్ది, పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టాలి. టేకైతే పెద్ద రంధ్రాలు వలయాల వెంట వరుసకట్టి ఉంటాయి, కొన్నిటిలో తెల్లటి పదార్థం పేరుకుని ఉంటుంది. చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది, తోలు వాసన వస్తుంది. రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి అయితే రంధ్రాలు అంతటా చెదిరి ఉంటాయి, ఊదా నలుపు చారలు కనిపిస్తాయి. బరువులోనూ తేడా తెలుస్తుంది. ఘనమీటరు టేకు దాదాపు 650 కిలోలుంటే జిట్రేగి 850 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. డెన్మార్క్‌లో విరివిగా వాడిన ఓక్‌ను మాను నడిమి నుంచి అంచుకు కోస్తే వెండి మచ్చలు మెరుస్తాయి. బీచ్ కర్ర మీద చిన్నచిన్న గోధుమ రంగు గీతలుంటాయి.

కర్ర టేకని తేలినంత మాత్రాన దేశం తేలదు. డెన్మార్క్‌లో టేకు చెట్టు పెరగదు. 1950లలో అక్కడి ఫ్యాక్టరీలకు టేకు థాయ్‌లాండ్, బర్మా లాంటి దేశాల నుంచి వెళ్లింది. టేకులోని సిలికా రంపపు పళ్లను మొద్దుబారుస్తుంది. ఫ్రాన్స్ అండ్ సన్ అనే డేనిష్ కంపెనీ గట్టి కార్బైడ్ పళ్లున్న రంపాలు వాడి ఆ చిక్కు దాటింది, టేకు కుర్చీలను పెద్దఎత్తున ఎగుమతి చేసింది. మన డిపోలో బల్లార్షా టేకు, బర్మా టేకు అని విడమరిచి చెప్పే వ్యాపారి కూడా పాత కుర్చీ కాలును చూసి అది కోపెన్‌హాగన్‌లో చేసిందని చెప్పలేడు.

అక్కడ సాక్ష్యం చెప్పాల్సింది అతుకులు. డేనిష్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1949లో రూపొందించిన రౌండ్ చెయిర్‌నే తీసుకుందాం. వీపు, చేతులు కలిసి ఒకే వంపులా కనిపించినా అవి మూడు ముక్కలు. మొదటి కుర్చీల్లో ఆ అతుకు మీద పేము చుట్టి దాచారు. తర్వాత పంటి అతుకునే బయటికి కనిపించేలా ఉంచారు. 1960లో కెన్నెడీ, నిక్సన్ టీవీ చర్చలో కనిపించింది ఈ కుర్చీయే. వీపు మీద పేము చుట్టి ఉందా, పంటి అతుకు కనిపిస్తోందా అన్నది ఆ కుర్చీ తొలినాటిదా తర్వాతిదా అని చెప్పే ఒక గుర్తు.

మన వడ్రంగి పనికీ అలాంటి ముద్రలే ఉన్నాయి. కుసి బెజ్జంలో దిగిన చోట వెదురు మేకు కనిపించవచ్చు, కనపడని లోపలి వైపు ఉలి గాట్లు మిగిలి ఉండవచ్చు. నాలుగు కాళ్లనూ ఒకేచోట కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఫ్యాక్టరీ కాళ్లు అచ్చు ఒకేలా ఉంటాయి. చేత్తో చిత్రిక పట్టిన కాళ్లలో నూలుపోగంత తేడా తప్పదు. ఆ తేడా లోపం కాదు, మనిషి చేసిన పని అనడానికి గుర్తు.

సీటు అల్లిక మరో ఆధారం. వెగ్నర్ విష్‌బోన్ కుర్చీ సీటుకు మెలిపెట్టిన కాగితపు తాడు దాదాపు 120 మీటర్లు పడుతుంది. మన కుర్చీలకు పేము, నవారు ఎక్కువ. అయితే అల్లిక మార్చి ఉండవచ్చు కాబట్టి ఇది ఒంటరిగా సాక్ష్యం కాదు. మరలు కూడా అంతే. నక్షత్రం గాడి ఉన్న మర 1930లకు ముందుది కాదని చెప్పగలం, ఆ మరను తర్వాతెవరో బిగించి ఉండరని మాత్రం చెప్పలేం.

పేరు చివర చూడాలి. రూపొందించిన వ్యక్తి వేరు, తయారుచేసిన కార్ఖానా వేరు. రౌండ్ చెయిర్‌ను మొదట యోహానెస్ హాన్సెన్ తయారుచేశాడు, ఇప్పుడు పీపీ మోబ్లర్ తయారుచేస్తోంది. కర్ర మీద కాల్చిన ముద్రే కాలాన్ని విడదీస్తుంది. ఫ్రాన్స్ అండ్ డావర్‌కోసెన్ అని బిళ్ల ఉంటే అది 1957లో కంపెనీ పేరు ఫ్రాన్స్ అండ్ సన్‌గా మారకముందు నాటిది. మనకు 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఉక్కు బీరువా మీద పేరుంటుంది. ఊళ్లో వడ్రంగి చేసిన టేకు కుర్చీ మీద ఉండదు. కుర్చీ వెనక తెల్లరంగుతో రాసిన అక్షరాలు, అంకెలు చాలావరకు ఆఫీసు జాబితా నంబర్లే. చండీగఢ్ ఆఫీసుల కోసం పియరె జెనెరె రూపొందించిన కుర్చీల మీద కనిపించేవీ అవే. అవి కుర్చీ ఏ ఆఫీసుదో చెబుతాయి, ఎవరు చేశారో చెప్పవు.

ఈ ఆధారాలు ఒకదాన్నొకటి బలపరిస్తేనే పేరు పెట్టాలి. కర్ర, అతుకు, కొలత, ముద్రల్లో ఒక్కటి కుదరకపోయినా ‘ఆ శైలిలో ఇక్కడ చేసింది’ అనడమే నిజాయితీ. అందులో చిన్నతనమేమీ లేదు. చేవదేరిన టేకుతో పేరులేని వడ్రంగి కట్టిన కుర్చీ అరవై ఏళ్లు నిలిచిందంటే, డేనిష్ కుర్చీకి దక్కే శ్రద్ధే దానికీ దక్కాలి. రోజ్‌వుడ్ కుర్చీని విదేశాలకు పంపాలనుకుంటే కర్ర పేరు కచ్చితంగా తెలియాలి. 2017 నుంచి ఆ ప్రజాతి మొత్తం వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటీస్ నియంత్రణలో ఉంది. బ్రెజిల్ రోజ్‌వుడ్‌పై అంతకన్నా కఠినమైన ఆంక్ష 1992 నుంచే అమల్లో ఉంది.

కుర్చీని షెడ్డుకు పంపేముందు బోర్లించి అన్నివైపులా ఫొటోలు తీయాలి, మరలు, మేకులు ఒక కవర్లో వేసి దాచాలి. ముద్ర, నంబరు ఉన్న చోట గరుకు కాగితం పెట్టొద్దని, లప్పం రాయొద్దని పనివాడికి ముందే చెప్పాలి. సీటు కింద అరచేయంత మేర పాత పాలిష్‌ను అలాగే వదిలేయమనాలి.