గోధుమరంగు ఎక్కడ పడింది?

కిడ్నీ గడ్డ స్లైడులో కణాలు తెల్లగా, లోపల ఏమీ లేనట్టు కనిపిస్తే ముందు గుర్తొచ్చేది క్లియర్ సెల్ క్యాన్సర్. కిడ్నీ క్యాన్సర్లలో చాలావరకు అదే. కానీ అచ్చం అలాగే కనిపించే గడ్డ ఇంకొకటుంది, క్లియర్ సెల్ పాపిల్లరీ. అది ఒంట్లో మరోచోటికి పాకడం దాదాపు ఉండదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణలో దాన్ని క్యాన్సర్ అనడం మానేశారు. ఈ రెండూ తారుమారైతే మనిషి ఏళ్లతరబడి లేని భయంతో స్కానింగుల చుట్టూ తిరగాలి.

ఇక్కడ మా పాథాలజిస్టులకు దిక్కు రెండు ప్రోటీన్లు: సీకే7, సీఏ9. గడ్డ ముక్కను పొదిగిన మైనం బ్లాకులోంచి మూడు నాలుగు మైక్రాన్ల పొర కోసి యాంటీబాడీ వేస్తే, ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. సీకే7 పాపిల్లరీలో నిండుగా పడుతుంది, క్లియర్ సెల్‌లో సాధారణంగా పడదు. సీఏ9 మాత్రం రెండింటిలోనూ పడుతుంది. క్లియర్ సెల్‌లో కణం చుట్టూ నాలుగువైపులా గీత గీసినట్టుంటుంది. పాపిల్లరీలో అడుగునా పక్కలా పడి, పై అంచు ఖాళీగా మిగిలి, కప్పులా కనిపిస్తుంది. అందుకే రిపోర్టులో ‘సీఏ9 పాజిటివ్’ అని రాసి వదిలేస్తే నేను ఒప్పుకోను. ఎక్కడ పడిందో, ఎంతమేర పడిందో రాయాలి.

క్లియర్ సెల్‌లో వీహెచ్ఎల్ జన్యువు చెడిపోవడంతో, ఆక్సిజన్ అందుతున్నా అందనట్టే కణం సీఏ9 తయారు చేసుకుంటుంది. కణం ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ తీరు కనిపెట్టినందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. నిజంగానే ఆక్సిజన్ అందని చోట, అంటే చచ్చిన కణజాలం అంచుల్లో, ఏ రకం గడ్డలోనైనా సీఏ9 పడొచ్చు. ఆ అంచు చూసి రకం తేల్చకూడదు.

రంగు పడకపోవడాన్ని చదవడం ఇంకా కష్టం. ఎఫ్‌హెచ్ అనే ప్రోటీన్ పోయిన కిడ్నీ క్యాన్సర్ త్వరగా పాకుతుంది, చాలాసార్లు వంశపారంపర్యంగా వస్తుంది. ఎఫ్‌హెచ్ యాంటీబాడీ వేసినప్పుడు గడ్డ కణాలు గోధుమరంగు పడక నీలంగా ఉండి, పక్కనే రక్తనాళాల లోపలి కణాలు గోధుమరంగులో ఉంటేనే ఆ ఫలితాన్ని నమ్ముతాను. అవీ నీలంగానే ఉంటే స్టెయిన్ పనిచేయలేదన్నమాట. మళ్లీ వేయించి చూశాకే సంతకం పెడతాను. నా రిపోర్టు పట్టుకుని పేషంటు జన్యు పరీక్షకు వెళ్తారు, అందులో తేలితే తోబుట్టువులూ పిల్లలూ వెళ్లాల్సి వస్తుంది.