పల్లెవెలుగు కండక్టరు

అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే పల్లెవెలుగు ఎక్కితే కండక్టరు పనితనం కళ్లారా చూడొచ్చు. మెట్టు అందని అవ్వకు ముందు చెయ్యందిస్తాడు, టికెట్టు తర్వాత. "నిదానంగా ఎక్కవ్వా, బస్సు యాడికీ పోదులే!" శెనక్కాయల మూటను సీటు కిందికి తోసి, చంటిబిడ్డ తల్లికి చోటు చేయించి, అప్పుడు రైట్ రైట్ అంటాడు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అయినా ఒక్కొక్కరికీ సున్నా టికెట్టు కొట్టాల్సిందే. కిక్కిరిసిన బస్సులో, గతుకుల్లో, ఒంటిచేత్తో కమ్మీ పట్టుకుని!

సీమకు పరిశ్రమ కూడా వచ్చింది: పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. సంతోషమే. కానీ ఈ కరువు సీమలో పంట పోయిన ఏడు బెంగుళూరు పనికి బయల్దేరే కుటుంబం ఎక్కేది ఈ బస్సే. వాళ్ల సామాను మూటలను కండక్టరు ఎంత మర్యాదగా అందుకుంటాడో!