మార్జీ వాళ్లింట్లో ఎవరికెవరు దూరం?

ఐజాక్ అసిమోవ్ 1951లో పిల్లల కోసం రాసిన చిన్న కథ ‘ద ఫన్ దే హ్యాడ్’. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ వాచకం ‘బీహైవ్’లో ఏళ్ల తరబడి అదే మొదటి పాఠంగా ఉంటూ వచ్చింది. కథాకాలం 2157. పదకొండేళ్ల మార్జీకి చదువు చెప్పేది ఇంట్లోనే, ఆమె పడకగది పక్కనున్న యంత్రం. పదమూడేళ్ల టామీకి అటక మీద ఒక పాత కాగితం పుస్తకం దొరుకుతుంది. ఒకప్పుడు పిల్లలంతా ఒక్కచోట చేరి, మనిషి చెబుతుంటే చదువుకునేవాళ్లని అందులో ఉంటుంది.

ఈ పాఠం ముగిశాక తరగతిలో వచ్చే ప్రశ్న మనందరికీ తెలుసు: ఏ బడి మేలు? దానికి నాలుగు వాక్యాల జవాబు రాస్తే కథ అక్కడితో సరి. కానీ ఇలాంటి కథను వేరే ప్రశ్నతో చదవాలి. యంత్రం వచ్చాక ఇంట్లో ఎవరి పని పోయింది? ఎవరికెవరు దూరమయ్యారు?

రచయిత పనితనం చూడండి. లోకమంతా మార్చేయలేదు. 2157లోనూ అమ్మ కేకేసి పిలుస్తుంది, హోంవర్క్ తప్పదు, శని ఆదివారాలు సెలవే. ముఖ్యంగా మారింది పంతులే. మిగతాది చాలావరకు మనకు తెలిసిన ఇల్లే కనుక ఆ మార్పు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. యంత్రం ఎలా పనిచేస్తుందో పాఠం చెప్పడు. యంత్రంలో హోంవర్క్ కాగితాలు వేసే సందంటే మార్జీకి చిరాకు అంటాడు, అంతే. ఆ చిరాకుతోనే యంత్రాన్ని నమ్మేస్తాం.

భూగోళంలో మార్జీకి మార్కులు తగ్గుతూ వస్తాయి. తల్లి దిగులుపడి ఇన్‌స్పెక్టర్‌ను పిలిపిస్తుంది. ఎర్రటి మొహం, గుండ్రటి ఒళ్లున్న ఆ పొట్టి మనిషి పనిముట్ల పెట్టెతో వచ్చి, పిల్ల చేతిలో యాపిల్ పెట్టి, యంత్రాన్ని విప్పుతాడు. తప్పు పిల్లది కాదు, భూగోళం భాగం కాస్త వేగంగా నడుస్తోందని చెబుతాడు. పదేళ్ల పిల్లల స్థాయికి తగ్గించి, మార్జీ తల నిమిరి వెళ్లిపోతాడు. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. కానీ నీకేం అర్థం కాలేదమ్మా అని ఆ పిల్లను అడిగినవాళ్లూ లేరు. ఇంకోచోట, మా నాన్నకు మా టీచరుకు తెలిసినంత తెలుసంటుంది మార్జీ. మనిషికి అంత తెలియడం కుదరదంటాడు టామీ. తండ్రి ప్రసక్తి ఆ ఒక్క మాటలోనే వస్తుంది.

రే బ్రాడ్‌బరీ 1950 నాటి కథ ‘ద వెల్ట్’లో ఇదే దూరం భయంకరమవుతుంది. యంత్రాలే వంట చేసిపెట్టి, బూట్ల లేసులు కూడా కట్టే ఇంట్లో పిల్లలు తల్లిదండ్రుల కంటే ఆటగదినే ఎక్కువ ప్రేమిస్తారు. దాన్ని ఆపేయబోయిన అమ్మానాన్నలను ఆ గదిలోని సింహాలకే వదిలేస్తారు.

పెద్ద మార్పును గడప లోపల చూపించే ఈ పద్ధతి రాయలసీమ పాఠకులకు కొత్తది కాదు. కడప జిల్లా నుంచి వచ్చిన కేతు విశ్వనాథరెడ్డికి 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు 2012లో యువ పురస్కారం వచ్చాయి. కరువును, పేదరికాన్ని ఒక ఇంటి మనుషుల్లో చూడటం మన కథలు మనకు నేర్పాయి. ఆ చూపునే యంత్రం మీదికి తిప్పితే చాలు.

అలా తిప్పినప్పుడు మన పిల్లలకు అసిమోవ్ రాయనిది కూడా కనబడుతుంది. కోసిగి, ఆదోని వైపు ఊళ్ల నుంచి సుగ్గికని, అంటే కూలి వలసకు, గుంటూరు మిరప చేలకు పోయే ఇళ్లున్నాయి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయిన తల్లులున్నారు. బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంది, రాత్రిపూట ఫోన్‌లో ఇమో వీడియో కాల్‌లో అమ్మను చూస్తుంది. ఇక్కడ అమ్మను దూరం చేసింది ఫోన్ కాదు. నీళ్లు పడని బోరు, తీరని అప్పు. దూరమైన మనిషిని ఫోను ఉన్నంతలో దగ్గర చేస్తోంది. అయితే అందులో అమ్మ అన్నం తిన్నావా అని అడగగలదు గానీ ముద్ద కలిపి పెట్టలేదు. ఈ రెండూ తెలిసిన పిల్ల మార్జీ కథను ఎవరికంటేనైనా లోతుగా చదవగలదు.

అందుకే ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠం అయ్యాక పిల్లలతో కథ రాయించండి. ఇంట్లో ఉన్నదొక్కటి, ఫోనో బోరు మోటారో ఏదైనా సరే, నూరేళ్ల తర్వాత ఎలా ఉంటుందో మార్చమనండి. అవ్వనూ పశువులనూ అప్పునూ అలాగే ఉంచమనండి. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాయమనండి. ఆ రాతలో పిల్లలు తమ ఇంటిని తామే కొత్తగా చూస్తారు.

కొత్త పరికరం కొనేటప్పుడు ధర అడుగుతాం, గ్యారంటీ అడుగుతాం. అది ఇంట్లో ఎవరిని కలుపుతుంది, ఎవరిని విడదీస్తుంది అని కూడా అడగాలని నేర్పేవి ఈ కథలు. ఆ ప్రశ్న తొమ్మిదో తరగతిలోనే అలవాటైతే, రేపు ఏ యంత్రం ఎక్కడుండాలో ఆ పిల్లలే తేల్చుకోగలరు.