యంత్రానికి లొంగని కొక్కెం

స్వెట్టర్‌ని యంత్రం అల్లుతుంది. సాక్సుల్నీ మంకీ క్యాపునీ కూడా అల్లిపడేస్తుంది. ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే చట్రాన్ని 1589లోనే తయారుచేశాడు. రెండు సూదుల అల్లికకు యంత్రంతో పోటీ అప్పుడే మొదలైంది. క్రోషా సంగతి వేరు. కొక్కెం సూదితో చేత్తో వేసే క్రోషాను ఉన్నదున్నట్టు అల్లే యంత్రం ఇంతవరకూ ఫ్యాక్టరీల్లోకి రాలేదు. సికింద్రాబాద్ జనరల్ బజారులో మీటర్ల లెక్కన కోసి ఇచ్చే లేసు చూడ్డానికి క్రోషాలాగే ఉంటుంది గాని, అది యంత్రం వేసిన మరో రకం అల్లిక. కాబట్టి ఎంత చవగ్గా అమ్ముతున్నా సరే, అసలైన క్రోషా ముక్క ఎక్కడ కనబడినా అది ఎవరో ఒకరు కూర్చుని అల్లిందే.

నాకు రెండు సూదుల అల్లిక చిన్నప్పటి నుంచీ వచ్చు. కాని హైదరాబాదులో స్వెట్టర్‌తో పని ఎన్నాళ్లు? డిసెంబరు పొద్దుల్లో ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ వైపు నడకకు వెళ్లేవాళ్ల ఒంటి మీద కనిపిస్తుంది, సంక్రాంతి దాటితే బీరువాలోకి పోతుంది. మన ఎండలకు నూలే సరి. ఆ నూలు పని నేర్పడానికి తార్నాకలో మా వీధిలోనే ఒక పిన్నిగారు దొరికారు. పాలకొల్లు వైపు మనిషి. పెళ్లికి ముందు నుంచే నరసాపురం క్రోషా లేసు అల్లిన చెయ్యి.

సూదుల అల్లికలో వరసలోని ఉచ్చులన్నీ ఒకేసారి సూది మీద ఉంటాయి. క్రోషాలో చేతిలో ఉండేది ఒక్క ఉచ్చే. మిగతావన్నీ ఎప్పటికప్పుడు ముగిసిపోతాయి. అందుకే మధ్యలో ఆపి గ్యాసు కట్టేసి రావచ్చు, బస్సులో అల్లుకోవచ్చు. తర్వాతి కుట్టు ఎక్కడ వేయాలన్నది కూడా మన ఇష్టం. పక్క కుట్టులో వేయొచ్చు, రెండు వరసల కింద వేయొచ్చు, ఖాళీలో గుచ్చి తీయొచ్చు. యంత్రానికి చిక్కు వచ్చేదీ ఇక్కడే. ఉచ్చులన్నీ వరసగా, స్థిరంగా నిలబడితేనే అది పనిచేస్తుంది. క్రోషాలో కొక్కెం ప్రతిసారీ కొత్త దారి వెతుక్కోవాలి, దారం బిగువును వేళ్లు క్షణక్షణం సరిచూడాలి.

నరసాపురం పనిలో మొదట వచ్చేది గుండ్రటి పువ్వు. ఆరు చెయిన్ కుట్లు వేసి కలిపి చిన్న చక్రం చేస్తారు. దాని చుట్టూ నిలువు కుట్లు, అంటే ట్రెబుళ్లు పన్నెండు వేస్తారు. రెండో వరసకు ఇరవై నాలుగు, మూడోదానికి ముప్ఫై ఆరు. ప్రతి వరసకూ పన్నెండే ఎందుకు పెరగాలి? వృత్తం వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు పెరిగితే చుట్టుకొలత ఆ ఎత్తుకు ఆరింతలకు కాస్త పైగా పెరుగుతుంది. ట్రెబుల్ ఎత్తు దాని వెడల్పుకు సుమారు రెండింతలు. ఆరు రెళ్లు పన్నెండు. తక్కువ పెంచితే పువ్వు గిన్నెలా మూసుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచులు కుచ్చిళ్లు పోతాయి. పిన్నిగారికి ఈ లెక్కతో పని లేదు. ముక్కను బల్ల మీద పెట్టి అరచేత్తో ఒక్కసారి నిమిరితే తెలిసిపోతుంది ఆవిడకు. కాగితం మీద రాసిన ప్యాటర్న్ కూడా ఎన్నడూ చూడలేదట, నమూనా ముక్క చేతిలో పెడితే చాలు.

"దారం నువ్వు లాగకమ్మాయ్, దాన్నే రానీ," అంటారు. ఎడమచేతి చూపుడు వేలి మీదుగా దారం ఎంత వదులుగా జారుతుందన్నదే సగం విద్య. స్వెట్టర్ ఉన్ని సాగుతుంది, అల్లేటప్పుడు చిన్న తేడాలను దాచేస్తుంది. నూలు దేన్నీ దాచదు. అందులోనూ నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఇరవై నంబరు చేతికి అలవాటయ్యాక నలభై, ఆ పైన అరవై.

పువ్వులు తయారయ్యాక అసలు నైపుణ్యం అతుకుపనిలో ఉంది. రెండో పువ్వు చివరి వరస అల్లుతూ, అంచున వేసే చెయిన్ తోరణం మధ్యలో కొక్కేన్ని మొదటి పువ్వు తోరణంలోంచి దూర్చి తీస్తారు. కుట్టుసూది అవసరం లేకుండా రెండూ ఒకటవుతాయి, అతుకు కనబడదు. వందల పువ్వులు ఇలా కలిస్తే బల్లగుడ్డ. నరసాపురం ప్రాంతంలో చాలాకాలం పువ్వు అల్లే చేతిపని ఒకరిది, అతుకుపని మరొకరిది. ఆఖరున ఉతికి, గంజి పెట్టి, గుండుసూదులతో లాగి ఆరబెడితే గాని డిజైను విచ్చుకోదు. విడివిడిగా పువ్వులు అల్లి కలిపే పద్ధతి ఐర్లండు క్రోషాలోనూ ఉంది. 1840లలో బంగాళాదుంప తెగులుతో వచ్చిన మహా కరువులో అక్కడి ఇళ్లను ఆదుకున్న పని అది.

మన గోదావరి డెల్టాకు ఈ విద్య వచ్చిందీ దాదాపు ఆ కాలంలోనే. నరసాపురం అప్పటికే ఓడల రేవు. పక్కనే ఉన్న మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ల నోట మడపోలం అయి, ఒక నూలుబట్ట పేరుగా ప్రపంచమంతా తిరిగింది. 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు కుటుంబాలతో ఈ ప్రాంతంలో స్థిరపడ్డారు. తర్వాత 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండు దంపతులు స్త్రీలకు లేసు నేర్పారని చెబుతారు. మొదట క్రైస్తవంలోకి మారిన పేద స్త్రీల చేతిలో ఉన్న పని, తర్వాత పొలానికి వెళ్తే పరువు తక్కువ అనుకునే కాపుల ఇళ్లలోకి పాకింది. గుమ్మం దాటక్కర్లేదు, నలుగురి కంటా పడక్కర్లేదు. లేసు మాత్రం ఇంగ్లండు, అమెరికా దాకా వెళ్లింది.

గొడవంతా ఈ గుమ్మం దగ్గరే ఉందని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ గుర్తుపట్టింది. 1970ల చివర అక్కడి ఊళ్లలో తిరిగి, 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం ప్రచురించింది. ఇంటి చాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీలకు అప్పట్లో రోజుకు రూపాయి కూడా గిట్టేది కాదు. దారం తెచ్చిచ్చే ఏజెంటు, ఎగుమతిదారు మగవాళ్లు, వాళ్లది వ్యాపారం. అల్లే ఆవిడ గృహిణి, ఏదో ఖాళీగా కూర్చుని అల్లుతోంది. ఆ "ఖాళీగా" అన్న మాటే కూలిని అంత కిందికి దించింది. యంత్రం చేయలేని పనికి రేటు పలకాలి కదా? అలా జరగలేదు. అందుకే "క్రోషా మంచి కాలక్షేపం" అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత చైనా నుంచి యంత్రపు లేసు వచ్చిపడింది, చేతిలేసుకు గిరాకీ దెబ్బతింది. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు వెలిసింది. 2024లో నరసాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. మంచిదే. ఇంకెక్కడో అల్లినదాన్ని ఇక మీదట నరసాపురం పేరుతో అమ్మకూడదు. కానీ ఆ గుర్తింపు కాపాడేది పేరునే. కూలి ఎంతన్నది అందులో ఉండదు. ఎగ్జిబిషన్ స్టాళ్లలో ధర అడిగేటప్పుడు ముక్కకు ఎన్ని గంటలు పట్టిందో కూడా అడగొచ్చు. ఆ సంఖ్య చీటీ మీద అచ్చువేస్తే ఇంకా బాగుంటుంది. కొనేవాళ్లు బేరమాడడం ఎలాగూ మానరు, కనీసం దేనికి బేరమాడుతున్నారో తెలుస్తుంది.

ప్రస్తుతం నేను అరవై నంబరు దారంతో జాకెట్టు చేతుల అంచుకు అనాస డిజైను అల్లుతున్నాను. అడుగున విసనకర్రలా తెరుచుకున్న ట్రెబుళ్ల మీద చెయిన్ తోరణాలు కడుతూ, ప్రతి వరసలో ఒక తోరణం తగ్గించుకుంటూ పోతే పైకి మొన తేలుతుంది. రెండు చేతులకూ తోరణాల లెక్క ఒక్కటే కావాలి, బిగువూ ఒక్కటే కావాలి. ఇలాంటి జత అల్లితే ఏం ఇచ్చేవాళ్లని పిన్నిగారిని అడిగాను. "జతకని ఎక్కడిచ్చారే? ఎన్ని ఉండల దారం అయితే అంత," అన్నారు. మరి పట్టిన పొద్దు సంగతి? ఆవిడ నా చేతిలోంచి ముక్క తీసుకుని తోరణాలు లెక్కపెడుతూ, "పొద్దుకెవరిస్తారు?" అన్నారు.